మర్యాద స్పీడు

ఆ ఓడ వణికేది. ఏదో కొంచెం కదలడం కాదు, నిజంగా వణికేది. హాల్లో కూర్చున్న ప్రయాణికుడి చేతిలో టీ కప్పు పెదవి దాకా చేరేలోపు సగం చొక్కా మీద పడేది. కళ్లజోడు ముక్కు మీద నిలిచేది కాదు. ఈ రేవు నుంచి ఆ రేవుకి నలభై అయిదు నిమిషాలు, రోజుకి ఎనిమిది ట్రిప్పులు. దిగినవాళ్లు గట్టు మీద కాసేపు నిలబడి, ఒళ్లు ఒక కొలిక్కి వచ్చాక గానీ నడక మొదలుపెట్టేవాళ్లు కాదు. అలవాటైనవాళ్లు నవ్వేవాళ్లు, కొత్తవాళ్లు తిట్టేవాళ్లు. కంపెనీకి రెండూ వినపడేవి కావు.

పైన కూర్చున్నవాళ్ల సంగతి నలభై అయిదు నిమిషాల్లో తేలిపోయేది. కింద ఇంజన్ గదిలో ఒకాయన ఇరవై నాలుగేళ్లుగా నిలబడి ఉన్నాడు. పెద్ద మెకానిక్కు. ఓడ మీద చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మావయ్య అనేవాళ్లు. పైనుంచి, చుక్కాని పట్టే సరంగు గంట కొడితే కింద వేగం పెంచేదీ తగ్గించేదీ మావయ్యే. దానికో లివరుంది, మోచెయ్యంత ఇనప కడ్డీ. పెట్టినచోట దాన్ని నిలబెట్టాల్సిన పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. చెయ్యి తీస్తే వణుకుకి జారిపోతుంది. కొత్త పళ్ల చక్రం కావాలని మావయ్య ఆరుసార్లు అర్జీ పెట్టాడు. ఆ ఆరు కాగితాలూ ఏ ఫైల్లో నిద్రపోతున్నాయో ఆ ఫైలుకే తెలియాలి. చక్రం రాలేదు కాబట్టి ఆ చక్రం చెయ్యాల్సిన పని మావయ్య చెయ్యి చేసింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కడ్డీని బిగించి పట్టుకుని నిలబడేవాడు.

మూడేళ్ల కిందట వేళ్ల చివర్లు తెల్లబడటం మొదలైంది, సున్నంలో ముంచి తీసినట్టు. తర్వాత తిమ్మిరి పట్టింది. తర్వాత ఆ తిమ్మిరి వదలడం మానేసింది. ఇప్పుడు రెండు చేతుల్లో కలిపి ఆరు వేళ్లకి స్పర్శ లేదు. నట్టు పట్టిందో లేదో కంటితో చూస్తే తప్ప తెలియదు. పొద్దున్నే చొక్కా గుండీలు భార్య పెడితే, సాయంత్రం ఆవిడే తీసేది.

ఆవిడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు వేళ్లు నొక్కి చూసి, సూదితో గుచ్చి చూసి, అన్నాడు. "ఇది వణుకుడు పని వల్ల వచ్చేదే. ఇలాంటివి నేను వందల్లో చూశాను. కానీ నా మాట ఒక్కటే చాలదు. మీరు పనిచేసే చోట ఎంత వణుకుందో కొలిచిన కాగితం కావాలి. ఆ రెండూ మెడికల్ బోర్డు ముందు పెడితే, పని వల్ల వచ్చిన జబ్బు అని రాసిస్తారు."

ఆ ఒక్క ముక్క మీదే అంతా ఉంది. అది రాసిస్తే కంపెనీ ఆయనకి గట్టు మీద, వర్క్‌షాపులో, కూర్చుని చేసే పని ఇచ్చి తీరాలి. రిటైరవడానికి ఇంకా ఏడేళ్లుంది. రాయకపోతే చేతులు పనికిరాని మనిషి ఓడకెందుకని ఇంటికి పంపేస్తారు. అంతకన్నా ముఖ్యం, ఈ చేతులు ఎక్కడ పోయాయో చెప్పడానికి లోకంలో ఒక కాగితమైనా ఉంటుంది. మావయ్యకి పని కన్నా ఆ కాగితమే ఎక్కువ కావాలనిపించేది. భార్యకి మాత్రం రెండూ కావాలి.

సరిగ్గా అప్పుడే కంపెనీకి ఓడ వణుకు గుర్తొచ్చింది. మావయ్య చేతులు చూసి అనుకునేరు. అవతలి రేవులో పెద్ద హోటలు ఒకటి లేచింది. ఆ హోటలు అతిథులకి ఈ వణుకు పడలేదు. ఇరవై నాలుగేళ్ల మనిషి పెట్టిన ఆరు కాగితాలు కదిలించలేని కంపెనీని హోటలువాళ్ల ఒక్క ఫోను కదిలించింది. కొత్త ఓడ కొనేంత దమ్ము లేదు కాబట్టి ఉన్న ఓడనే బాగుచేయిద్దామన్నారు. ఇంతకాలం ఇంజన్ని ఓడ అడుగుకి ఇనప దిమ్మల మీద నేరుగా బిగించేశారు. అందుకని దాని ప్రతి కుదుపూ ఓడంతా పాకేది. ఇప్పుడు ఇంజన్ని పైకెత్తి, ఆ దిమ్మలు తీసేసి, కింద రబ్బరు దిమ్మలు పెడతారు. ఇంజన్ని నీళ్లలో పంకా తిప్పే ఇరుసుతో కలిపేచోట ఇనప బిగింపుకి బదులు సాగే బిగింపు వేస్తారు. పొగగొట్టాన్నీ నీళ్ల పైపుల్నీ మధ్యలో కోసి మెత్తటి అతుకులు పెడతారు. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి వణుకు కొలవాలి. ఎంత తగ్గిందో హోటలుకి చూపించుకోవాలి కదా.

ఆ కబురు వినగానే మావయ్య భార్య మొహం వెలిగిపోయింది. "ముందు కొలతే మనక్కావలసింది" అంది. "వాళ్ల అవసరానికే కొలుస్తున్నారు. కాగితం మనకీ వస్తుంది. మీరు మాత్రం ఆరోజు ఇంజను ముట్టుకోకండి. బోల్టులు బిగించడాలు, తుడవడాలు పెట్టుకోకండి. ఉన్నది ఉన్నట్టు చూపించండి, చాలు."

"చూపించక దాచుకుంటానా?" అన్నాడు మావయ్య.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రతి ఇంజనుకీ ఒక చెడ్డ వేగం ఉంటుంది. ఆ వేగం దగ్గర ఇంజను కుదుపూ ఓడ ఊపూ ఒకటైపోయి, ఇద్దరు తాగుబోతులు భుజాల మీద చేతులేసుకున్నట్టు తయారవుతాయి. ఈ ఓడకి అది నిమిషానికి నాలుగు వందల చుట్లు. స్పీడు మీటరు మీద ఆ అంకెకి అటూ ఇటూ ఎర్ర రంగు పూసి ఉంటుంది, ఇక్కడ నడపొద్దని. కానీ టైమ్ టేబులు రాసిన మహానుభావుడు మీటరు చూసి రాయలేదు. నలభై అయిదు నిమిషాల్లో దాటాలంటే నాలుగు వందల మీదే నడవాలి. ఎరుపు కింద నడిపితే ట్రిప్పుకి మూడు నాలుగు నిమిషాల ఆలస్యం, సాయంత్రానికి అరగంట. ఎరుపు దాటి నడిపితే డీజిలు ఎక్కువ తాగుతోందని చీవాట్లు. అందుకని అన్నేళ్లూ ఓడ ఎరుపులోనే నడిచింది.

అలాగని ఓడ లాగ్ పుస్తకంలో రాయకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అప్పటి సూపర్‌వైజరు భుజం మీద చెయ్యేసి చెప్పాడు. "అక్కడ మూడు వందల డెబ్బై అయిదు అని రాసెయ్. ఎవరూ అడగరు. నిజం రాశావనుకో, పైనుంచి ఉత్తరాలు మొదలవుతాయి. నీకూ పనే, నాకూ పనే." మావయ్య రాశాడు. ట్రిప్పుకోసారి, రోజుకి ఎనిమిదిసార్లు, ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు వందల డెబ్బై అయిదు, మూడు వందల డెబ్బై అయిదు అని రాస్తూనే పోయాడు.

ఏడాదికోసారి తనిఖీవాళ్లు ఎక్కినప్పుడు మాత్రం నిజంగానే ఆ అంకె మీద నడిపేవాడు. ఓడ చుట్టాలొచ్చిన ఇంట్లో పిల్లాడిలా బుద్ధిగా వెళ్లేది. పైన సరంగు "ఎదురు పోటండీ, అందుకే ఆలస్యం" అని సర్దిచెప్పేవాడు. ఓడవాళ్లు దానికి మర్యాద స్పీడు అని పేరు పెట్టుకున్నారు. బయటివాళ్లెవరైనా కాగితం, పెన్ను పట్టుకుని ఎక్కితే "మావయ్యా, మర్యాదేనా?" అని పైనుంచి మాటల గొట్టంలో అడిగేవాళ్లు. రానురాను అడగడమూ మానేశారు. మెట్ల మీద కొత్త బూట్ల చప్పుడు వినపడితే చాలు, ఆయన చెయ్యి దానంతటదే ఆ చోటికి వెళ్లేది.

కొలతల రోజు వచ్చింది. ఎవరో టై కట్టుకున్న కుర్రాడు వస్తాడనుకున్నాడు మావయ్య. వచ్చింది యాభై దాటిన ఆవిడ. కత్తిరించుకున్న జుట్టు, మోకాళ్ల దగ్గర గ్రీజు మరకలు వదలని ప్యాంటు. పరికరాల పెట్టె తనే మోసుకుంటూ మెట్లు దిగింది. అయస్కాంతంతో అతుక్కునే చిన్న బిళ్లల్ని ఇంజను కాళ్ల మీద, రైలింగు మీద, ప్రయాణికుల హాల్లో కుర్చీల కింద, ఆఖరికి మావయ్య పట్టుకునే కడ్డీ మీద కూడా అతికించింది. కడ్డీ పళ్లు అరిగిపోయిన సంగతి తనంతట తనే గమనించి, "దీన్ని మీరు దారంతా పట్టుకునే ఉంటారా?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. మావయ్య కడ్డీ వంక చూసి తల ఊపాడు.

"రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి" అంది ఆవిడ. "నా కోసం ప్రత్యేకంగా ఏమీ చెయ్యకండి."

"అలాగే మేడమ్" అన్నాడు.

గంట మోగింది. ఓడ రేవు వదిలింది. బయటి మనిషి పక్కన నిలబడి ఉంది. చెయ్యి వెళ్లి దాని చోట అది కూర్చుంది. పది నిమిషాల తర్వాత గానీ మావయ్యకి అర్థం కాలేదు, కడ్డీ పట్టుకోవడానికి ఇవాళ బలం పెట్టక్కర్లేదని. మీటరు వంక చూశాడు. మూడు వందల డెబ్బై అయిదు. సూది ఎరుపుకి ఇవతల నిక్షేపంగా నిలబడి ఉంది.

ఇంకా దారి చాలా ఉంది. కడ్డీని రెండు వేళ్ల మందం ముందుకి తోస్తే చాలు, ఓడ తన అసలు రూపం చూపించేస్తుంది. "మేడమ్" అని నోరు తెరిచాడు. ఆవిడ కాస్త ఆగమన్నట్టు వేలు చూపించి, తెర మీద అంకెలు రాసుకోవడం పూర్తిచేసి, అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"నేను ముప్ఫై ఏళ్లుగా ఓడలెక్కుతున్నాను" అంది. "ఇంత ముసలి ఇంజన్ని ఇంత నున్నగా నడిపేవాళ్లని నలుగురైదుగురి కన్నా ఎక్కువ చూడలేదు. మీది మంచి చెయ్యి."

ఇక్కడే మావయ్యని పట్టుకుని నాలుగు దులపాలని ఉంది నాకు. కానీ ఆయన వైపు నుంచీ ఒకసారి చూడాలి. ఇంజను బాగా నడిస్తే ఇంజను మంచిదంటారు, ఆగిపోతే మెకానిక్కు పనికిరానివాడంటారు. ఆ పనిలో చేరినప్పట్నుంచీ పైనుంచి కిందికి ఆయన కోసం దిగిన ప్రతి మాటా ఏదో ఒక ఫిర్యాదే. పని తెలిసిన మనిషి, చేతికి గ్రీజు అంటించుకునే మనిషి, ఎదురుగా నిలబడి మెచ్చుకోవడం అదే మొదలు. ఇప్పుడు నోరు తెరిచి, "అదంతా ఉత్తదే మేడమ్, మీరొచ్చారని నడిపాను, రోజూ ఈ ఓడ గజగజలాడుతుంది" అని చెప్పాలి. ఆ మెప్పుని చేతులారా తిరిగిచ్చెయ్యాలి.

"ఏదోలెండి మేడమ్, అలవాటు" అన్నాడు మావయ్య. చెప్పాల్సిన మాట కడుపులోకి దిగిపోయింది.

తిరుగు ప్రయాణంలో కొలతలు లేవు. ఆవిడ పైన హాల్లో కూర్చుని టీ తాగింది. అప్పుడైనా కడ్డీ తోయొచ్చు. మావయ్య మళ్లీ అదే స్పీడులో తీసుకొచ్చాడు.

సాయంత్రం రేవులో కంపెనీ షెడ్డులో ఆవిడ బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటూంటే, చెప్పేద్దామనే వెళ్లాడు. ఇంకొక్క ట్రిప్పు వేయించమని అడిగితే సరిపోతుంది. మర్నాడు ఓడని గట్టెక్కించి బోల్టులు కోసేస్తే ఆ వణుకుని ఇక ఎవరూ, ఏ పరికరంతోనూ కొలవలేరు. గుమ్మం దాకా వెళ్లాడు. లోపల మేనేజరుతో ఆవిడ అంటోంది, "మీ పెద్ద మెకానిక్కుని మాత్రం వదులుకోకండి." "ఎంత మాట, ఆయన మా ఆస్తండీ" అంటున్నాడు మేనేజరు. మావయ్య అక్కడే కాసేపు నిలబడి, చెవులారా విని, వెనక్కి తిరిగాడు.

"కొలిచారా?" అని అడిగింది భార్య గుమ్మంలోనే.

"కొలిచారు."

"బాగా ఎక్కువే వచ్చి ఉంటుంది."

"కాగితం రానీ, చూద్దాం" అన్నాడు. ఆవిడ ఆ రాత్రి ఫైలు తీసి, డాక్టరు కాగితం పక్కన దానికోసం చోటు ఉంచింది.

మర్నాటి నుంచి పన్నెండు రోజులు ఓడ గట్టు మీదే ఉంది. ఆ పన్నెండు రోజులూ మావయ్య చేసిన పని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. బిగించే చేతులు ఇతరులవి, కన్ను మాత్రం ఆయనది. ఇంజన్ని జాకీలతో లేపి, తుప్పుపట్టిన దిమ్మలు ఒక్కొక్కటీ తీయించాడు. రబ్బరు దిమ్మల మీదికి దించాక, వెంటనే ఇరుసుతో కలిపేసి ఓడ నీళ్లలోకి తోసెయ్యమన్నాడు మేనేజరు. మావయ్య ససేమిరా అన్నాడు. "ఇంజను బరువుకి రబ్బరు కొంచెం కుంగుతుంది. రెండు రోజులు కుంగనివ్వాలి. అప్పుడు కొలిచి కలపాలి. ఇవాళ కలిపితే నెల్లాళ్లకి వంకర తిరుగుతుంది." మేనేజరు చిందులు తొక్కాడు. మావయ్య ఇంజను పక్కన కుర్చీ వేసుకుని రెండు రోజులూ కాపలా కూర్చున్నాడు. తర్వాత ఇరుసు వరస సరిచూసినప్పుడు వెంట్రుక మందం తేడా వచ్చినా ఒప్పుకోలేదు. విప్పించి మళ్లీ బిగించమన్నాడు, మళ్లీ విప్పించాడు.

ఓడ నీళ్లలో దిగింది. నాలుగు వందల మీద నడిపినా హాల్లో టీ కప్పు బొమ్మలా నిలబడింది. కింద ఇంజను మాత్రం తన రబ్బరు కాళ్ల మీద తను ఊగుతోంది, ఆ ఊపు ఓడకి చేరడంలేదు. ప్రయాణికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు, ఎవరి కోసమో వాళ్లకే తెలియదు.

కొలతల మేడమ్ మళ్లీ వచ్చింది. అన్ని వేగాల దగ్గరా కొలిచింది. ఎరుపులో కూడా కొలిచి, "ఇక్కడ కూడా ఎంత బాగుందో చూడండి" అంది. "క్రితంసారి ఎరుపులో కొలవలేదు కదా. కొలిచి ఉంటే తేడా తెలిసేది. అయినా మీరు అక్కడ నడపరనుకోండి."

"నడపం మేడమ్" అన్నాడు మావయ్య.

ఇది రెండోసారి. మొదటిసారి చెయ్యి మీద నెట్టెయ్యొచ్చు. ఈసారి నోరే చెప్పింది.

బోర్డు వాళ్ల గది చిన్నది. బల్ల అవతల ముగ్గురు, ఇవతల మావయ్య, ఆయన పక్కన భార్య, ఆవిడ ఒళ్లో ఫైలు. గోడ పక్కన కుర్చీలో సరంగు. ఓడ తరఫున సాక్షిగా పిలిచారు. మధ్యలో కూర్చున్న అధికారి చెడ్డవాడేం కాదు. కాగితాలన్నీ చదువుకునే వచ్చాడు.

"మార్పులకి ముందు కొలిచిన వణుకు, మీ చేతి దగ్గర, ఉండాల్సిన హద్దులో సగం కూడా లేదు" అన్నాడు. "దీనివల్ల ఈ జబ్బు రాదు."

భార్య మావయ్య వైపు తిరిగింది. ఆవిడ కళ్లలోకి చూడకుండా మావయ్య అంతా చెప్పేశాడు. ఎరుపులో నడపడం, మర్యాద స్పీడు, ఆరోజు పొరపాటున చెయ్యి అక్కడికి పోవడం, మధ్యలో తెలిసి కూడా చెప్పకపోవడం. ఎందుకు చెప్పలేదో మాత్రం చెప్పలేదు.

అధికారి ఓపిగ్గా విన్నాడు. పక్కనున్న లాగ్ పుస్తకాల దొంతరలోంచి ఒకటి తీసి తెరిచాడు. "ఈ అక్షరాలు మీవేనా?"

"నావే."

"మూడు వందల డెబ్బై అయిదు. ఇక్కడా అదే, ఇక్కడా అదే. ఇరవై నాలుగేళ్ల పుస్తకాల్లోనూ అదే. కొలతా అదే వేగంలో తీశారు. ఇప్పుడు నాలుగు వందలంటున్నారు. అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు రాసిందే సార్. అలా రాయమన్నారు."

"ఎవరు?"

రాయమన్న సూపర్‌వైజరు పోయి తొమ్మిదేళ్లయింది. అధికారి సరంగు వైపు చూశాడు. "మీరు చెప్పండి. ఓడ ఎంత మీద నడిచేది?"

మావయ్యా సరంగూ వావివరసలు లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకుంటూ ఇరవై ఏళ్లు ఒకే డబ్బాలో తిన్నవాళ్లు. ఎరుపులో నడిచిందని ఒప్పుకుంటే నడిపించిన తప్పు సరంగు మెడకి చుట్టుకుంటుంది. "నేను పైన ఉంటాను సార్. గంట కొడతాను. కింద ఎంత మీద నడిపేవారో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు నేల చూస్తూ.

అధికారి రాసుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "మీకు మోటార్ సైకిలుందా?"

"ఉంది సార్."

"రోజూ నడుపుతారా?"

"రేవు దాకా. పావుగంట."

"ఎన్నేళ్లుగా?"

"పదేళ్లు."

అదీ రాసుకున్నాడు, చేతుల్ని వణికించింది అదేనన్నట్టు అండర్‌లైను కూడా చేశాడు. అరగంట బయట కూర్చోబెట్టి కాగితం చేతికిచ్చారు. జబ్బుకీ పనికీ సంబంధం రుజువు కాలేదు. ఆయన్ని ఆస్తి అన్న మేనేజరు మర్నాడే, చేతులు పనికిరానందువల్ల నెలాఖరు నుంచి పనిలోంచి తీసేస్తున్నామని సంతకం పెట్టాడు. బోర్డు గదిలోంచి బయటికొచ్చిన ఆరోజే, వసారాలో సరంగు వెనకాలే వచ్చి, "బావా, నాకింకా పదమూడు నెలలే ఉంది" అన్నాడు. మావయ్య బస్సు ఆగేచోటు వైపు నడిచాడు. ఇద్దరూ చేసింది ఒకటే.

బస్సులో భార్య ఆ బోర్డు కాగితాన్ని ఫైల్లో పెట్టింది. ఇంటికొచ్చి, ఫైలు బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆ ఫైలు పట్టుకుని ఆవిడ ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో, ఎన్ని కిటికీల ముందు నిలబడిందో మావయ్యకి తెలుసు.

"చెయ్యి అలవాటుగా పోయింది, సరే" అంది. "మధ్యలో తెలిసిందన్నారు. అప్పుడెందుకు చెప్పలేదు?"

మావయ్య తల వంచుకుని, కొలతల మేడమ్ మెచ్చుకున్న సంగతి చెప్పాడు.

"ఏమందావిడ? సరిగ్గా ఏ మాటంది?"

మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ముప్ఫై ఏళ్లు, ముసలి ఇంజను, నున్నగా, మంచి చెయ్యి. చెబుతున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో ఆయనకి తెలియదు. ఎదురుగా ఉన్న మనిషికి తెలిసింది.

"ఆ మాట నేను మీతో ఎన్నిసార్లన్నాను?" అంది ఆవిడ నెమ్మదిగా. "కొత్తలో మీ ఓడెక్కి కింద దాకా వచ్చి చూశాను. ఆ వేడిలో, ఆ మోతలో, మీరు ఆ ఇంజను మీద చెయ్యేసి నిలబడ్డారు. ఇంత పని చేసే మనిషిని నేనెక్కడా చూడలేదన్నాను. ఆరోజే కాదు, ఆ తర్వాత ప్రతి ఏడూ అన్నాను. మీ చేతులకి మందు రాస్తూ అన్నాను. అవేవీ మీకు వినపడలేదా?"

"నువ్వు ఇంటిమనిషివి" అన్నాడు మావయ్య. "నువ్వనడం వేరు. అది లెక్కలోకి రాదు కదా."

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. సర్దుకోబోయాడు.

ఆవిడ ఏడవలేదు, గొంతూ పెంచలేదు. ఫైలు తాడు ముడి వేసింది. "రేపు పొద్దున్నే ఆ బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్లి అడిగొస్తాను" అంది. "మనుషులు కావాలని మొన్ననే బోర్డు పెట్టారు."

"అవి కరెంటు మిషన్లు" అన్నాడు మావయ్య కంగారుగా. "రోజంతా చేతుల కింద అదురుతూనే ఉంటాయి. అక్కడ చేసినవాళ్ల వేళ్లు చూశాను నేను. నీకెందుకది? ఎవర్నైనా అడుగుదాం, ఇంకేదైనా..."

"ఎవరినడుగుతారు?" అంది ఆవిడ. "ఇంటిమనిషిని కదా, నేనే వెళ్లాలి."

లేచి పొయ్యి దగ్గరికెళ్లింది. మావయ్య ఆవిడ చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు.